ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి టాప్‌స్పిన్ ఎందుకు రావట్లేదు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. అబ్బాయికి 15 ఏళ్లు, కుడిచేతి వాటం, బరంపురంలో సిమెంటు కోర్టు మీద టెన్నిస్ ఆడుతున్నాడు. బ్యాక్‌హ్యాండ్ ఒంటిచేత్తో. స్లైస్, అంటే బంతి వెనక్కి తిరిగేలా కోసినట్టు కొట్టే దెబ్బ, చక్కగా పడుతుంది. టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరిగేలా, కొట్టబోతే కొన్ని నెట్‌కి తగులుతున్నాయి, కొన్ని బేస్‌లైన్ దాటి ఎగిరిపోతున్నాయి. భుజం ఎత్తుకు లేచిన బంతి వస్తే ఏం చెయ్యాలో తోచక వదిలేస్తున్నాడు. క్లబ్బులో కోచ్ గారు గ్రిప్ మార్చొద్దు, మణికట్టుతో తిప్పమంటున్నారు. భువనేశ్వర్ టోర్నమెంటులో చూసినవాళ్లు రెండు చేతులకు మార్చెయ్యమన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే రెండు చేతులకు మార్చకండి. గ్రిప్ మాత్రం మార్చాలి. బంతిని తాకే చోటు ఒక అడుగు ముందుకు జరగాలి. మణికట్టుతో తిప్పే పని అసలు పెట్టుకోకూడదు. మీ అబ్బాయి పట్టు కట్టె రాకెట్ల కాలం నాటిది, ఊపు ఫెడరర్ వీడియోల్లోంచి వచ్చింది. ఈ రెండూ ఒక షాట్‌లో ఇమడవు. ఎందుకు ఇమడవో తెలియాలంటే ముందు పాతకాలం ఆట సంగతి కొంచెం చెప్పాలి. అది తెలిస్తే కోచ్ గారి మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

కట్టె రాకెట్ తల వైశాల్యం 65 నుంచి 70 చదరపు అంగుళాలు, బరువు 370 గ్రాముల పైమాటే. తల అంత ఇరుకుగా ఉన్నప్పుడు రాకెట్‌ని కిందనుంచి పైకి నిటారుగా లేపితే బంతి స్ట్రింగులకు తగలకుండా ఫ్రేముకి తగులుతుంది. కాబట్టి ఊపు నేలకు దాదాపు సమాంతరంగా సాగాలి. పైగా 1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గ్రాస్ కోర్టుల మీదే జరిగేవి. గ్రాస్ మీద బంతి జారుతూ మోకాలి ఎత్తుకు వస్తుంది. అలాంటి బంతికి స్లైస్‌ని మించిన జవాబు లేదు. కొట్టిన వెంటనే నెట్ దగ్గరికి పరిగెత్తి, బంతి నేల తాకకముందే కొట్టే వాలీ ఆడాలి, గ్రిప్ మార్చుకునే వ్యవధి ఉండదు. అందుకే సర్వీసుకి, వాలీకి, బ్యాక్‌హ్యాండ్‌కి ఒకటే పట్టు, కాంటినెంటల్. కెన్ రోజ్‌వాల్ ఆ పట్టుతో, స్లైస్ బ్యాక్‌హ్యాండ్‌తో 1953లో మొదటి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్, 1972లో చివరిది గెలిచాడు. మన దేశంలో రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరాల్లో వింబుల్డన్ సెమీఫైనల్ చేరింది, తర్వాత విజయ్ అమృత్‌రాజ్, రమేశ్ కృష్ణన్ ఆడింది కూడా గ్రాస్ మీద పదునెక్కిన ఆటే. మన క్లబ్బుల్లో పాత కోచ్‌లు చెప్పే పాఠం ఆ కాలానిది. ఆ బంతికి ఆ పాఠం సరైనదే.

ఆ రోజుల్లో టాప్‌స్పిన్ లేదని కాదు. డాన్ బడ్జ్ బ్యాక్‌హ్యాండ్‌ని స్లైస్‌గా కాకుండా డ్రైవ్‌గా, అంటే బంతి వెనకనుంచి బలంగా, బాదేవాడు, 1938లో ఒకే ఏడాది నాలుగు టైటిళ్లూ గెలిచిన మొదటివాడు ఆయనే. రాడ్ లేవర్ అయితే కాంటినెంటల్ గ్రిప్‌తోనే, కట్టె రాకెట్‌తోనే టాప్‌స్పిన్ బ్యాక్‌హ్యాండ్ కొట్టాడు. కోచ్ గారి 'మణికట్టుతో తిప్పు' అన్న మాటకు మూలం అక్కడే ఉండొచ్చు. కానీ లేవర్ ఎడమ ముంజేయి కుడిదానికంటే చూస్తే తెలిసేంత లావు. బంతి తగిలే క్షణంలో ముంజేతిని, మణికట్టుని తిప్పి రాకెట్ ముఖం సరిచేసుకోవడం ఆ బలానికి, ఆ చూపుకి చెల్లింది. 15 ఏళ్ల కుర్రాడు అదే చేస్తే పది బంతుల్లో రెండు అద్భుతంగా పడతాయి, ఎనిమిది పోతాయి. ఆ రెండింటిని చూసి వాడు తాను సరిగ్గానే చేస్తున్నాననుకుంటాడు. ఈ పద్ధతితో వచ్చే అసలు ప్రమాదం అదే.

1970ల్లో ఆట మారింది. 1974లో 39 ఏళ్ల రోజ్‌వాల్ వింబుల్డన్, అమెరికా ఓపెన్ రెండింట్లోనూ ఫైనల్ చేరాడు. రెండుచోట్లా ఆయన్ని చిత్తుగా ఓడించింది రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఉన్న జిమ్మీ కానర్స్. మరుసటి ఏడు అమెరికా ఓపెన్ క్లే కోర్టులకు మారింది. 1977లో గిలెర్మో విలాస్ అక్కడ ఫైనల్లో కానర్స్‌ని ఓడించాడు, అదే ఏడు ఫ్రెంచ్ ఓపెన్ కూడా గెలిచాడు. ఎడమచేతి వాటం, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్, నెట్‌కి చాలా ఎత్తు నుంచి వెళ్లి పడే టాప్‌స్పిన్. విలాస్ గెలుపుల వరస ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో ఎలా తెగిందో కూడా చెప్పాలి. ఇలీ నస్తాసే రెండు పొరల స్ట్రింగులు అల్లిన రాకెట్‌తో ఆడితే, ఆ స్పిన్‌కి తట్టుకోలేక విలాస్ మ్యాచ్ మధ్యలో వదిలేశాడు. ఆ అల్లికలో స్ట్రింగులు పక్కకు జరిగి మళ్లీ వెనక్కి వచ్చేవి, ఆ కదలికే బంతిని విపరీతంగా తిప్పేది. దాన్ని నిషేధించారు. స్ట్రింగు జరిగి వెనక్కి వస్తే స్పిన్ పెరుగుతుందన్న కిటుకు మాత్రం ఇరవై ఏళ్ల తర్వాత నిబంధనల లోపలే మళ్లీ వచ్చింది, పాలియెస్టర్ గట్, అంటే పాలియెస్టర్ స్ట్రింగుల రూపంలో.

దానికి ముందు రాకెట్ తల పెరిగింది. 1976లో ప్రిన్స్ కంపెనీ 110 చదరపు అంగుళాల రాకెట్ తెచ్చింది, 1980ల్లో గ్రాఫైట్ వచ్చి బరువు తగ్గించింది. తల వెడల్పయ్యాక ఊపుని నిటారుగా లేపినా ఫ్రేముకి తగలదు.  1997లో ప్రపంచ 66వ ర్యాంకు గుస్తావో కుయెర్టన్ పాలియెస్టర్ గట్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక మిగతావాళ్లు కూడా ఆ గట్ వైపు తిరిగారు. పొట్టివాళ్లకు ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ పనికిరాదని మీకెవరో చెప్పారన్నారు. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆడిన జస్టిన్ ఎనాన్ ఎత్తు 1.67 మీటర్లు. క్లే మీద బంతి పైకి లేస్తుందనేగా భయం? ఆ క్లే మీదే ఆమె 2003, 2005, 2006, 2007 ఫ్రెంచ్ ఓపెన్లు గెలిచింది.

ఇక పట్టు సంగతి. రాకెట్ పిడికి ఎనిమిది పలకలుంటాయి. రాకెట్‌ని అంచు మీద, అంటే స్ట్రింగులు నేలకు నిలువుగా ఉండేలా పట్టుకుంటే, పైకి వచ్చే పలక ఒకటోది. పిడి అడుగువైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుగా లెక్కపెట్టండి. చూపుడువేలి మొదట్లో అరచేతికి ఆనుకుని ఉన్న కణుపు రెండో పలక మీదుంటే కాంటినెంటల్. అదే కణుపు ఒకటో పలక మీదికొస్తే ఈస్టర్న్ బ్యాక్‌హ్యాండ్. ఎనిమిదో పలక వైపు జరిగితే ఇంకా బలమైన పట్టు, ఎత్తు బంతులకు అనువు, కింది బంతులకు ఇబ్బంది. మీ అబ్బాయికి కావలసింది ఒకటో పలక. కణుపు కాస్త ఎనిమిదో పలక వైపు మొగ్గినా పరవాలేదు.

ఒక్క పలక తేడాకి ఏమవుతుందో కోర్టు అక్కర్లేకుండా ఇంట్లోనే చూడొచ్చు. గోడకి ఎదురుగా కాకుండా పక్కగా, కుడి భుజం గోడవైపు ఉండేలా నిలబెట్టండి. కుడికాలు ముందు. చెయ్యి చాపి, కుడిపాదం కంటే ఒక అడుగు ముందుకు, నడుము ఎత్తున రాకెట్ ముఖాన్ని గోడకి ఆనించమనండి. ఈస్టర్న్ పట్టుతో ముఖం గోడకి అతుక్కుని నిలుస్తుంది, మణికట్టు తిన్నగా ఉంటుంది, మీరు రాకెట్‌ని వెనక్కి నెట్టినా చెయ్యి కదలదు. కాంటినెంటల్‌తో అదే చోట పెడితే ముఖం ఆకాశం వైపు వాలుతుంది. గోడకి అతకాలంటే మణికట్టు లోపలికి మడవాలి. మడిచినప్పుడు మీరు నెడితే చెయ్యి లొంగిపోతుంది. అబ్బాయి బంతులు ఎగిరిపోవడానికి కారణం వాలిన ముఖం. నెట్‌కి తగలడానికి కారణం దాన్ని సరిచేయబోయి ఎక్కువ తిప్పడం. రెండు తప్పులకీ వేరు ఒకటే. మోచేయి బయటివైపు నొప్పి మొదలయ్యేది కూడా ఇలా మడిచిన మణికట్టుతోనే.

బంతి స్ట్రింగుల మీద ఉండేది సెకనులో వెయ్యోవంతులు ఓ ఐదు. అంతలో దాన్ని 'రుద్దడం', 'తిప్పడం' ఎవరి తరమూ కాదు. తగలకముందే రాకెట్ ఏ దారిన వస్తోంది, ముఖం ఎటు ఉంది అన్నవే స్పిన్‌ని నిర్ణయిస్తాయి. ముఖం నేలకు నిలువుగా, లేదా ఒక వెంట్రుకవాసి కిందికి మూసినట్టు ఉండాలి. దారి కిందనుంచి పైకి 20 నుంచి 30 డిగ్రీల వాలులో ఉండాలి. ఇవి రెండూ కుదిరితే టాప్‌స్పిన్ దానంతటదే వస్తుంది.

ఊపు వరస ఇలా ఉండాలి. బంతి ఎదుటివాడి రాకెట్ విడిచిన వెంటనే ఎడమచెయ్యి రాకెట్ మెడని పట్టుకుని వెనక్కి తీసుకెళ్తుంది. గ్రిప్ మార్చేది కూడా ఈ ఎడమచెయ్యే, కుడిచెయ్యి వదులుగా ఉంటే అది మెడ దగ్గర తిప్పుతుంది. భుజాలు బాగా తిరగాలి, కుడి భుజం గడ్డం కిందికి రావాలి, ఎదుటివాడికి వీపులో కొంత భాగం కనబడాలి. రాకెట్ తల పైనే. కుడికాలు బంతివైపు అడుగు వేశాకనే తల కిందికి జారుతుంది, బంతి తగలబోయే ఎత్తుకి కనీసం ఒక అడుగు కిందికి. అప్పటికి మోకాళ్లు వంగి ఉండాలి. చాలామంది పిల్లలు మోకాలు వంచకుండా మణికట్టుని వేలాడేసి తల దించుతారు, చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, బలం మాత్రం రాదు. బంతి తగలకముందే చెయ్యి మోచేతి దగ్గర తిన్నగా సాగిపోవాలి. అక్కణ్ణుంచి కదలిక భుజంలోంచి, ఒరలోంచి కత్తి దూసినట్టు. పిడి చివర ముందు వస్తుంది, తల వెనక వస్తుంది. తాకే చోటు కుడిపాదానికి ఒక అడుగు ముందు.

ఎడమచెయ్యి పని అక్కడితో అయిపోలేదు. కుడిచెయ్యి ముందుకి వెళ్తుంటే ఎడమచెయ్యి వెనక్కి పోవాలి. అది ముందుకి వచ్చేస్తే ఛాతీ నెట్‌వైపు తెరుచుకుంటుంది, రాకెట్ అడ్డంగా ఈడ్చుకుపోతుంది. షాట్ అయ్యాక ఒక సెకను కదలకుండా ఉండమనండి. రాకెట్ తల ఆకాశం వైపు, వేలి కణుపులు పైకి, ఛాతీ ఇంకా పక్క కంచెవైపు, ఎడమచెయ్యి వెనక. ఫోనుతో వీడియో తీస్తే పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి తీయండి. తాకే చోటు పక్కనుంచి తీసినదాంట్లోనే తెలుస్తుంది.

బంతి ఎక్కడ పడిందో చూసి తప్పు పట్టొచ్చు. ఎడమ సైడ్‌లైన్ అవతల పోతుంటే ఆలస్యంగా తాకుతున్నాడు. క్రాస్‌కోర్టు, అంటే కోర్టుకి ఐమూలగా కొట్టినది, మరీ వెడల్పుగా కుడివైపు పోతుంటే ఛాతీ ముందే తెరుచుకుంది. నెట్ మధ్యలో తగులుతుంటే రాకెట్ తగినంత కిందికి పోలేదు. లోతు లేకుండా సర్వీసు బాక్సులోనే పడుతుంటే పైకి ఎక్కువ, ముందుకి తక్కువ ఊపుతున్నాడు.

మన వైపు ఉక్కపోత వల్ల వచ్చే తప్పొకటి ఉంది, దాన్ని సాంకేతిక లోపమని పొరబడుతుంటారు. చెమటకి పిడి తడిసి, తాకే క్షణంలో అరచేతిలో కొద్దిగా తిరుగుతుంది. అంతే, ఈస్టర్న్ కాస్తా కాంటినెంటల్ అయిపోతుంది, బంతి లేచిపోతుంది. రెండు చేతులవాళ్లకు ఇది అంతగా తెలియదు, ఒంటిచేతివాళ్లకు ప్రాణాంతకం. పొడిగా ఉండే రకం ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పట్టీ) వాడండి. మార్చి నుంచి వానలు ముగిసేదాకా ప్రతి రెండు మూడు సెషన్లకి మార్చండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య తువ్వాలుతో చెయ్యి తుడుచుకోవడం అలవాటు చేయండి. గోపాల్‌పూర్ వైపునుంచి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి, కొత్త గ్రిప్ నేర్చుకునే ఈ రెండు నెలలూ ప్రాక్టీసు పొద్దున్నే పెట్టుకోవడం మేలు.

అంతకంటే పెద్ద చిక్కు పాత బంతులు. సిమెంటు మీద బంతి పీచు త్వరగా అరిగిపోతుంది, లోపలి గాలి తగ్గుతుంది. చిన్న ఊళ్ల క్లబ్బుల్లో అవే బంతులతో నెలల తరబడి ఆడిస్తారు. చచ్చిన బంతి నడుము దాటి లేవదు. పిల్లవాడు దానికే అలవాటుపడి, భువనేశ్వర్ వెళ్లి కొత్త బంతి చూడగానే అది భుజం దగ్గరికి వచ్చేసరికి తెల్లబోతాడు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) నిబంధన ప్రకారం 100 అంగుళాల ఎత్తునుంచి వదిలితే బంతి 53 నుంచి 58 అంగుళాలు లేవాలి. ఇంట్లో పరీక్ష సులువు. తల ఎత్తునుంచి సిమెంటు మీద వదలండి, నడుము దాకా లేవకపోతే దాన్ని బ్యాక్‌హ్యాండ్ ప్రాక్టీసుకి వాడకండి, సర్వీసు ప్రాక్టీసుకి ఇచ్చెయ్యండి. వారానికి కనీసం ఒక కొత్త డబ్బా బ్యాక్‌హ్యాండ్ కోసమే తెరవాలి. ఖర్చే, కానీ రాకెట్ మార్చడం కంటే తక్కువ.

గట్ గురించి అడిగారు. 98 నుంచి 100 చదరపు అంగుళాల తల, గట్ లేకుండా 290 నుంచి 300 గ్రాముల బరువు, బరువు పిడివైపు ఉండే రాకెట్ సరిపోతుంది. తలబరువు రాకెట్ ఒంటిచేతికి ఆలస్యం చేస్తుంది. నిలువు స్ట్రింగులు పాలియెస్టర్, అడ్డవి మెత్తని మల్టీఫిలమెంట్ (సన్నని పోగులు కలిపి చేసిన స్ట్రింగు), టెన్షన్, అంటే బిగుతు, 48 నుంచి 50 పౌండ్లు. నిలువువే జరిగి వెనక్కి వచ్చేవి కాబట్టి స్పిన్ వాటివల్లే వస్తుంది. మీరు గట్టింగ్‌కి విశాఖో భువనేశ్వరో పంపాలి కాబట్టి తెగేదాకా ఆగుదామనిపిస్తుంది. పాలియెస్టర్ తెగకముందే చచ్చిపోతుంది. స్ట్రింగులు పక్కకి జరిగి అక్కడే ఉండిపోతుంటే దాని పని అయిపోయినట్టే, ఇంకా ఆడితే మోచేతికే దెబ్బ. నీళ్ల చెంబు ఎత్తినప్పుడు మోచేయి బయటివైపు నొప్పి అంటే వెంటనే ఆపించి, పూర్తిగా మల్టీఫిలమెంట్‌కి మార్చండి.

ప్రాక్టీసు. నెట్‌కి రెండువైపులా వెదురు కర్రలు పాతి, నెట్ పైఅంచుకి మీటరు ఎత్తున తాడు కట్టండి. మొదటి రెండు వారాలు ఎదుటివాడు వద్దు. అబ్బాయి పక్కగా నిలబడితే మీరు కుడిపాదానికి ముందు బంతిని వదలండి, అది లేచి నడుము ఎత్తుకు రాగానే కొట్టాలి. బంతి తాడు పైనుంచి వెళ్లి సర్వీసు లైను అవతల పడాలి. 25 చొప్పున నాలుగు విడతలు, మధ్యలో విశ్రాంతి. వేగం సగమే. తర్వాతి రెండు వారాలు నెట్ అవతలినుంచి చేత్తో విసిరినవి, ఆ తర్వాత బేస్‌లైన్ ర్యాలీ, క్రాస్‌కోర్టు మాత్రమే. ఆరు వారాలు దాటేదాకా మ్యాచ్‌లో ఈ షాట్ గురించి నిర్ణయం తీసుకోకండి. ఈ మధ్యకాలంలో స్కోరు పడిపోతుంది, దానికి మీరిద్దరూ ముందే సిద్ధపడాలి. స్లైస్ కాంటినెంటల్‌తోనే ఉండనివ్వండి, కోచ్ గారు నేర్పిన ఆ స్లైస్ ఆస్తి. దాన్ని పాడుచేయకండి.

ఎత్తు బంతికి మూడు దారులున్నాయి. ఒకటి, ఒకటి రెండు మీటర్లు వెనక్కి జరిగి, అది కిందికి దిగుతుంటే నడుము దగ్గర కొట్టడం. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆటగాళ్లు వావ్రింకా, థీమ్ ఎక్కువగా ఎంచుకున్నది ఇదే, కాళ్లు బలంగా ఉండాలి. రెండు, ముందుకి వచ్చి అది లేస్తుండగానే పట్టడం. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో నడాల్ మీద ఫెడరర్ చేసింది ఇదే. అంతకుముందు ఏళ్లపాటు నడాల్ ఎడమచేతి టాప్‌స్పిన్ ఫెడరర్ బ్యాక్‌హ్యాండ్ భుజం మీదికి ఎక్కేది. 2014లో 90 నుంచి 97 చదరపు అంగుళాల రాకెట్‌కి మారడం ఫెడరర్‌కి ఇందులో సాయపడింది, తల పెద్దదైతే లేస్తున్న బంతిని మధ్యలో పట్టడం తేలిక. మూడు, స్లైస్‌తో లోతుగా తిప్పి పంపి మళ్లీ మొదలుపెట్టడం. మీ అబ్బాయి ముందు మొదటిది, మూడోది నేర్చుకోవాలి. రెండోది ఒక ఏడాది తర్వాత చూడొచ్చు. భుజం ఎత్తున నిలబడి బాదబోవడం మాత్రం ఏ దారీ కాదు.

రెండు చేతులవాళ్లకు సర్వీసు రిటర్న్‌లోనూ, ఎత్తు బంతిలోనూ నిజంగానే లాభం ఉంది. 1973లో ర్యాంకింగులు మొదలయ్యాక 2024 ఫిబ్రవరిలో మొదటిసారి పురుషుల మొదటి పదిమందిలో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆటగాడు ఒక్కడూ లేకుండా పోయాడు. తర్వాత దిమిత్రోవ్, ముసెట్టి ఆ పదిలోకి వచ్చారు. పదేళ్ల పిల్లవాడి గురించి అడిగుంటే రెండు చేతులతో మొదలుపెట్టమనేవాణ్ణి. 15 ఏళ్లకు, భుజం తిప్పడం, స్లైస్, దూరం అంచనా అన్నీ ఒంటిచేతికే కుదిరి ఉన్నప్పుడు, ఒక్క పలక తప్పు కోసం మొత్తం షాట్ పారేయడం నష్టం. సాంప్రాస్ దాదాపు ఈ వయసులోనే, 14 ఏళ్లప్పుడు, రెండు చేతుల నుంచి ఒంటిచేతికి మారాడు, అంటే ఈ వయసులో పెద్ద మార్పు తట్టుకోవచ్చు. మీ అబ్బాయికి కావలసింది అంత పెద్ద మార్పు కూడా కాదు.

మూడు నెలలు ఇలా చేశాక కూడా గోడ పరీక్షలో చెయ్యి లొంగిపోతుంటే, లేదా మోచేయి నొప్పి తిరిగి వస్తుంటే, అప్పుడు రెండు చేతుల మాట ఆలోచించండి. అప్పుడైనా ఎడమచెయ్యి ఒక్కదానితో ఫోర్‌హ్యాండ్ కొట్టించి చూశాకే మార్చండి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో పెత్తనం ఎడమచేతిది, అది నెట్ దాటించలేకపోతే ఆ మార్పు కూడా నిలవదు. ఈలోపు పక్కనుంచి తీసిన వీడియో ఒకటి పెట్టండి. తాకే క్షణంలో కుడిపాదం, రాకెట్ తల రెండూ ఫ్రేములో కనబడేలా తీయండి.